బ్యారెల్ ట్విస్ట్, బుల్లెట్ నిలకడ: మన సీమ షూటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో పిల్లలకు రైఫిల్ షూటింగ్ నేర్పే పనిలో పడి చాలా ఏండ్లయింది. ఎన్.సి.సి. క్యాంపులో ఒక్కసారి .22 (0.22 అంగుళం లావు గుండు పేల్చే చిన్న రైఫిల్) చేతికి తగిలిన కుర్రాడు, రాష్ట్ర పోటీలకు పోయొచ్చిన అమ్మాయి, కర్నూలు నుంచి, కడప నుంచి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసేవాళ్లు, అందరూ అటూ ఇటూగా ఇవే అడుగుతారు. చెప్పి చెప్పి గొంతెండింది కాబట్టి రాసి పెడుతున్నా. లెక్కలు వద్దనుకునేవాళ్లు నాలుగో ప్రశ్న దాటేసి పోవచ్చు. మూడోది మాత్రం దాటొద్దు.

1. బ్యారెల్ మీద 1:16 అని ఉంది. అంటే ఏమన్నా?

బ్యారెల్ లోపల కోసిన గాడులు నేరుగా పోవు, మెలిక తిరుగుతూ పోతాయి. ఆ మెలిక ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి 16 అంగుళాలు పడుతుందని అర్థం. దీన్నే ట్విస్ట్ అంటాం. అంకె చిన్నదైతే మెలిక బిగువు, పెద్దదైతే వదులు. 1:8 బ్యారెల్ గుండును వేగంగా తిప్పుతుంది, 1:16 నిదానంగా తిప్పుతుంది. కొత్తవాళ్లు నూటికి తొంభైమంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు.

యూరప్ బ్యారెళ్ల మీద ఇదే సంగతి మిల్లీమీటర్లలో ఉంటుంది. 406 అంటే 1:16, 305 అంటే 1:12, 254 అంటే 1:10. అంగుళాల్లో కావాలంటే 25.4తో భాగించుకోండి.

రెండు గాడుల మధ్య మిగిలిన భాగాన్ని నేను పిల్లలకు గట్టు అని చెబుతా. చేనికి గట్టున్నట్టే. గుండు వ్యాసం ఎదురెదురు గట్ల మధ్య దూరం కన్నా కొంచెం ఎక్కువ. అందుకే పేలినప్పుడు గట్లు గుండు ఒంటిలోకి దిగి, మెలిక ఎటు తిరిగితే అటు తిప్పుకుంటూ పోతాయి.

ఎంత వేగంగా తిరుగుతుందో చూడండి. పోటీల్లో వాడే .22 గుండు సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో బయటికొస్తుంది. 1:16 బ్యారెల్లో అది నిమిషానికి 48,000 చుట్లకు పైమాటే. మన చేలల్లో బోరు మోటారు తిరిగేది నిమిషానికి 2,880 దగ్గర. 50 మీటర్ల టార్గెట్ చేరేలోపు ఆ గుండు 120 చుట్లకు పైగా తిరిగి ఉంటుంది.

2. గుండును తిప్పడం ఎందుకు? నేరుగా పంపితే పోదా?

ఉండగుండు అయితే పోతుంది, అదీ కొంతదూరమే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీదికి వచ్చిన కుంపిణీ సిపాయిల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా లోపల నున్నగా ఉండే మస్కెట్లే. గాడుల్లేవు, ఉండ గుండ్లు. నల్లమల దిక్కు నాటు తుపాకీ కూడా అదే జాతి. ఆ తర్వాత పదేండ్లకు మన దేశానికొచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు మూడు గాడులు, 78 అంగుళాలకు ఒక చుట్టు. 1857లో కొవ్వు రాసిన తూటాల గొడవ రేగింది ఈ రైఫిల్ గురించే. 78 అంటే నేటి లెక్కకు చాలా వదులు. కానీ అందులో పోయే గుండు పొట్టిది, లావుది, దానికది సరిపోయింది.

సూదిముక్కు పొడుగు గుండుకు కష్టం ఎక్కడంటే, దాని బరువు వెనక వైపు ఎక్కువ. ఎదురుగాలి తోపు మాత్రం ముక్కు దగ్గర తగులుతుంది. తోసేది ముందర, బరువు వెనక. అంటే గాలి దాన్ని ఎప్పుడూ పల్టీ కొట్టించాలనే చూస్తుంది. బాణానికి ఈ బాధ లేదు, తోకకు ఈకలున్నాయి కాబట్టి గాలి వెనకే పట్టుకుని నేరుగా ఉంచుతుంది. గుండుకు ఈకలు లేవు. అందుకే దానికి బొంగరం విద్య నేర్పారు. తిరగని బొంగరాన్ని మొన మీద నిలబెట్టండి, పడిపోతుంది. తాడు చుట్టి వేస్తే నిలబడుతుంది. వేగం చాలకపోతే తల ఊపుతుంది, ఇంకా తగ్గితే పొర్లుతుంది. గుండు కూడా అంతే, ఒక్క తేడా, బొంగరాన్ని పడగొట్టేది భూమి లాగుడు, గుండును పడగొట్టేది గాలి.

3. బరువు గుండుకు బిగువు ట్విస్ట్ కావాలంటారు. ఎంత బరువుకు ఎంత?

ఇక్కడే తప్పుదారి పడతారు. ట్విస్ట్ అడిగేది గుండు పొడవును, బరువును కాదు. ఒకే లావులో బరువు పెరిగితే మామూలుగా పొడవూ పెరుగుతుంది కాబట్టి పెట్టె మీద బరువు చూసి మాట్లాడటం అలవాటైంది. గల్లా పెట్టె మందం చూసి లోపల ఎంత డబ్బుందో చెప్పినట్టు. చాలాసార్లు సరిపోతుంది, ఒక్కోసారి మోసపోతాం.

బరువు సంగతి వచ్చింది కాబట్టి గ్రెయిన్ల గురించి కూడా చెప్పేస్తా. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు. అది మనకు తెలియని కొలతేమీ కాదు. పాత తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ తులాల్లో మాట్లాడతారు కదా, దాని పాత లెక్క ఇది. 180 గ్రెయిన్ల గుండు ఒక తులం. మన .22 గుండు 40 గ్రెయిన్లు, పావు తులానికి కాస్త తక్కువ. ఇట్లా చెబితే మా పిల్లలకు వెంటనే చేతికి బరువు తెలిసింది.

ఇక బరువూ పొడవూ వేరనడానికి మంచి సాక్ష్యం మన పోలీసుల చేతుల్లో తరాలపాటు ఉన్న .303. దాని పాత గుండు 215 గ్రెయిన్లు, గుండ్రటి ముక్కు. 1910లో మార్క్ 7 అని సూదిముక్కు గుండు తెచ్చారు, 174 గ్రెయిన్లు. తులానికి ఆరు గ్రెయిన్లు తక్కువ. ముక్కులో సీసం బదులు అల్యూమినియం పెట్టారు. బరువు ఐదోవంతుకు దగ్గరగా తగ్గింది కదా, పొడవు కూడా అంతే తగ్గిందా అంటే లేదు. తేలిక లోహం ముక్కులో చేరడంతో గుండు తన బరువుకు మించిన పొడవుతో ఉంది, బరువంతా తోకవైపు జరిగింది. బరువు చూసి దీనికి వదులు మెలిక చాలనుకుంటే దెబ్బతింటాం. ఆ రైఫిల్ 1:10 బిగువు మెలిక కాబట్టి రెంటినీ మోసింది.

ఈ మధ్య సీసం లేకుండా పూర్తి రాగితో చేసే గుండ్లూ అంతే. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అంతే బరువు రావాలంటే గుండు పొడుగవుతుంది. బరువు అంకె మారదు, ట్విస్ట్ అవసరం మారిపోతుంది.

దీన్ని సరిగా చూసుకోక పెద్ద కంపెనీలే చేతులు కాల్చుకున్నాయి. 1955లో అమెరికాలో రెండు కంపెనీలు ఒకే లావు గుండుతో రెండు తూటాలు (గుండు, మందు కలిపినది తూటా) తెచ్చాయి. వించెస్టర్ తన .243కు 1:10 ఇచ్చింది. రెమింగ్టన్ తన .244కు 1:12 ఇచ్చింది, 90 గ్రెయిన్ల దాకా చాలులే అని. కొనేవాళ్లకు 100 గ్రెయిన్ల పొడుగు గుండు కావాల్సొచ్చింది, .244లో అది నిలబడలేదు. తూటాగా చూస్తే రెండోది ఏమాత్రం తీసిపోదు. అయినా అమ్మకం పడిపోయింది. 1963లో పేరే మార్చి 6 మిల్లీమీటర్ రెమింగ్టన్ అని, 1:9 మెలికతో మళ్లీ తెచ్చారు. అప్పటికి జనం .243కు అలవాటైపోయారు.

4. నా గుండుకు ఏ ట్విస్ట్ కావాలో లెక్క ఎట్లా వేయాలి?

రెండు దారులున్నాయి. పాతది నోటి లెక్క, కొత్తది క్యాలిక్యులేటర్ లెక్క.

పాతది 1879 నాటిది. ఇంగ్లండులో వూల్విచ్‌లో ఫిరంగి అధికారులకు గణితం చెప్పిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ తేల్చింది. 150ని గుండు వ్యాసం వర్గంతో గుణించి, గుండు పొడవుతో భాగించండి. అన్నీ అంగుళాల్లోనే. వచ్చిన అంకె, ఒక చుట్టుకు పట్టాల్సిన అంగుళాలు. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వేస్తారు.

మన .22 మీదే వేసి చూద్దాం. వ్యాసం 0.223, దాని వర్గం 0.0497. 150తో గుణిస్తే 7.46. గుండు పొడవు 0.46 దగ్గర ఉంటుంది. భాగిస్తే 16.2. దుకాణంలో దొరికే .22 బ్యారెల్ 1:16! నేను మొదటిసారి ఈ లెక్క వేసిన రోజు నమ్మక మూడుసార్లు వేశా.

కొత్తది డాన్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 2005లో సులువు చేసి ఇచ్చిన సూత్రం. ఇది ట్విస్ట్‌తో పాటు ఎంత నిలకడ ఉందో కూడా ఒక అంకెలో చెబుతుంది. బరువు గ్రెయిన్లలో తీసుకుని 30తో గుణించండి, ఇది పైన. కింద నాలుగింటి లబ్ధం: ట్విస్ట్ వర్గం, వ్యాసం ఘనం, పొడవు, పొడవు వర్గానికి ఒకటి కలిపినది. ఇందులో వ్యాసం మాత్రమే అంగుళాల్లో. ట్విస్ట్‌నూ పొడవునూ వ్యాసంతో భాగించి, ఎన్ని వ్యాసాలంత అని తీసుకోవాలి. వచ్చిన జవాబు 2,800 అడుగుల వేగానికి, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలికి వర్తిస్తుంది. వేగం వేరైతే దాన్ని 2,800తో భాగించి, ఘనమూలం తీసి గుణించాలి.

0.224 వ్యాసంలో 77 గ్రెయిన్ల పోటీ గుండు, పొడవు 0.995 అంగుళం అనుకోండి. 1:9 బ్యారెల్లో 1.38 వస్తుంది. 1:8లో 1.75. 1:7లో 2.29. అదే 1:12లో వేస్తే 0.78, పల్టీ ఖాయం. బ్యారెల్ మీద ఒక్క అంగుళం అంకె మారితే నిలకడ ఎంత మారుతోందో గమనించండి, ట్విస్ట్ వర్గంలో కూర్చుంది కాబట్టి. బరువు పైన ఉందనీ చూడండి. పొడవు పెరగకుండా బరువు పెరిగితే నిలకడ పెరుగుతుందే గానీ తగ్గదు. మూడో ప్రశ్న జవాబు ఈ సూత్రంలోనే దాక్కుంది.

ముక్కున ప్లాస్టిక్ మొన ఉన్న గుండ్లకు ఈ లెక్క నేరుగా వేయొద్దు. ప్లాస్టిక్ పొడవు పెంచి చూపిస్తుంది, బరువేమో ఉండదు. లెక్క ఉన్నదానికన్నా తక్కువ నిలకడ చెబుతుంది.

5. ఆ నిలకడ అంకె ఎంత ఉంటే చాలు?

1 కన్నా తక్కువైతే గుండు పొర్లుతుంది, దాని మీద వాదన లేదు. 1 నుంచి 1.3 దాకా కత్తి అంచు మీద నడక. 1.5 ఉంటే నిశ్చింత. దూరం కాల్చేవాళ్లు 1.5 ఎందుకడుగుతారంటే, 1.2 దగ్గర గుండు పల్టీ కొట్టకపోయినా ముక్కు ఊపుకుంటూ పోతుంది, గాలి ఎక్కువ పట్టి వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. టార్గెట్ మీద రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. దూరంలో కిందపడే లెక్క మాత్రం తప్పుతుంది.

.22కు మిల్లర్ లెక్క వేస్తే సుమారు 1.4 వస్తుంది. 50 మీటర్లకు అది హాయిగా చాలు.

బ్యారెల్ దాటినప్పుడు నిలబడిన గుండు తర్వాత పడిపోతుందా అని కూడా అడుగుతుంటారు. ముందుకుపోయే వేగం గబగబా తగ్గుతుంది, తిరిగే వేగం మెల్లగా తగ్గుతుంది. కాబట్టి పోనుపోను ఈ అంకె పెరుగుతుంది. ధ్వనివేగం దాటే చోట మాత్రం వేరే గొడవ ఉంది, తొమ్మిదో ప్రశ్నలో చూడండి.

6. మన ఎండకు గుండు నిలకడ మారుతుందా?

మారుతుంది, మనకు మేలు చేసే దిక్కుకు. వేడి గాలి పలచన. పలచన గాలి గుండును తక్కువ తోస్తుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే పైన చెప్పిన 15 డిగ్రీల లెక్క కన్నా నిలకడ అంకె 13, 14 శాతం ఎక్కువొస్తుంది. కడప ఇంకా పల్లంలో ఉంది కాబట్టి ఎత్తు లాభం తక్కువ. ఎండకు మాత్రం కడపకు ఎవరూ వంక పెట్టలేరు.

ఇబ్బంది మన ఊర్లో రాదు, బయటికి పోయినప్పుడు వస్తుంది. ఇక్కడ మే నెలలో 1.2తో ఎట్లాగో నెట్టుకొచ్చిన గుండు, జనవరి పొద్దున్నే ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజిలో 6 డిగ్రీల చలిలో 1.05కు దిగుతుంది. మనిషి వణుకుతున్నాడు కాబట్టి గ్రూపు (ఒకే గురికి కాల్చిన గుండ్ల రంధ్రాల గుంపు) పెద్దదైందని అనుకుంటాం. గుండు కూడా వణుకుతూ ఉండొచ్చు.

అమెరికా సైన్యం ఈ పాఠం ఖర్చుపెట్టి నేర్చుకుంది. తొలి ఎ.ఆర్.-15 రైఫిళ్లకు 1:14 మెలిక ఉండేది. మామూలు వాతావరణంలో అంచు మీద నిలబడేది. గడ్డకట్టే చలిలో పరీక్షిస్తే గుండ్లు నిలకడ తప్పాయి. 1963లో 1:12కు మార్చారు. తర్వాత పొడుగాటి 62 గ్రెయిన్ల గుండు, దానికన్నా పొడుగైన వెలుగుగుండు (దారి కనిపించేలా మండుతూ పోయే ట్రేసర్) వచ్చేసరికి 1:7 దాకా బిగించాల్సి వచ్చింది.

7. అయితే అందరూ 1:7 పెట్టుకుంటే పోలా?

పోటీ గుండ్లకు ఎక్కువ మెలిక వల్ల వచ్చే నష్టం, తక్కువ మెలిక వల్ల వచ్చే నష్టమంత పెద్దది కాదు. ఐనా ఉంది. ఏ గుండూ నూటికి నూరు సమతూకంగా ఉండదు. బరువు మధ్యబిందువు వెంట్రుకవాసి పక్కకు ఉంటుంది. బ్యారెల్లో ఉన్నంతసేపూ అది బలవంతంగా గీత మీద తిరుగుతుంది, బయటపడగానే విసిరిన ఒడిసెల రాయిలా ఆ వెంట్రుకవాసి పక్కకు పోతుంది. ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ. మంచి గుండైతే తేడా కనిపించదు, చవక గుండైతే గ్రూపు తెరుచుకుంటుంది. పలచని రాగి తొడుగున్న తేలిక గుండ్లను విపరీతమైన వేగంతో తిప్పితే తొడుగు చిరిగి గాల్లోనే పొగలా విడిపోయిన సందర్భాలున్నాయి. మనం కాల్చే .22 సీసపు గుండ్లకు ఆ భయం లేదు.

నా మాట: వాడబోయే గుండ్లలో అన్నిటికన్నా పొడుగైనదానికి 1.5 వచ్చే ట్విస్ట్ తీసుకోండి, అక్కడ ఆగండి.

8. మా ఎయిర్ రైఫిల్ సంగతేంటి సార్?

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చేవాళ్లు ట్విస్ట్ గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మన పెల్లెట్ నడుం సన్నగా, వెనక లంగాలా విచ్చుకుని ఉంటుంది, లోపల డొల్ల. బరువు ముందర, గాలి పట్టేది వెనక. షటిల్ కాక్‌లాగా. తిరగకపోయినా ముక్కు ముందుకే పెట్టుకుని పోవాలని చూస్తుంది. మెలిక ఇచ్చేది దాని మీద కొసరు. 450 మిల్లీమీటర్ల మెలిక బ్యారెల్ నుంచి వచ్చిన పెల్లెట్ టార్గెట్ చేరేలోపు 22 చుట్లు తిరుగుతుంది, అంతే.

అక్కడ 10 అంకె చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు తెచ్చింది ఈ పోటీలోనే. దానికి కావాల్సింది పెల్లెట్ తల సైజు బ్యారెల్‌కు కుదరడం. 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద ఉంటుంది. మూడూ తెచ్చి కాల్చి చూడండి.

9. .22లో హై వెలాసిటీ తూటాలు చవకగా వస్తాయి. వాడొచ్చా?

సరదాకు వాడండి, స్కోరుకు వద్దు. పోటీ తూటా సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర పోతుంది, ధ్వనివేగం లోపలే. హై వెలాసిటీది 380 దగ్గర మొదలై దారిలో ధ్వనివేగం కిందికి దిగుతుంది. ఆ గీత దాటే చోట గాలి తోపు గుండు మీద స్థానం మారుతుంది, కుదుపు వస్తుంది. ట్విస్ట్ ఎంత సరిగా ఉన్నా ఆ కుదుపు తప్పదు.

మన ఊరికి ఒక చిన్న వెసులుబాటు. ధ్వనివేగం వేడితో పెరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. కాబట్టి పోటీ తూటా వేసవిలో గీతకు ఇంకా దూరంగా ఉంటుంది. తూటాల పెట్టెను ఎండలో కారు డిక్కీలో పెట్టి కాల్చేవాడికి ఈ లాభం రాదు, మందు వేడెక్కితే గుండు వేగమూ పెరుగుతుంది. నీడలో పెట్టుకోండి.

10. గాలి పక్క నుంచి వీస్తే గుండు పక్కకు పోవాలి కదా, పైకీ కిందికీ ఎందుకు పోతోంది?

ఇది అడిగినవాడు టార్గెట్‌ను సరిగ్గా చూస్తున్నాడని నాకు సంతోషం. తప్పు మీది కాదు, బొంగరానిది. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో ఒక పక్కకు తోయండి, అది మీరు తోసిన దిక్కుకు వంగదు, దానికి అడ్డంగా వంగుతుంది. గుండు బ్యారెల్ దాటగానే పక్కగాలి తగులుతుంది. ముక్కును గాలికి ఎదురు తిప్పుకునే ఆ మొదటి క్షణంలో ఇదే బొంగరం గుణం వల్ల చిన్న నిలువు తోపు పుడుతుంది. కుడికి మెలిక తిరిగిన బ్యారెల్లో గాలి కుడి నుంచి వస్తే గుండు ఎడమకూ పైకీ పోతుంది. ఎడమ నుంచి వస్తే కుడికీ కిందికీ. గడియారం ముల్లుతో చెబితే పది గంటల దిక్కు, నాలుగు గంటల దిక్కు. 50 మీటర్ల కాగితం మీద గుండ్లన్నీ ఏటవాలు గీతగా పడతాయి. ఎడమ మెలిక బ్యారెలైతే నిలువు దిక్కు తిరగబడుతుంది.

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో మా దగ్గర పడమటి గాలి పొద్దు తిరిగినా ఆగదు. రేంజి ఉత్తరం ముఖంగా ఉంటే అది ఎడమ నుంచి వస్తుంది, నాలుగు గంటల దిక్కు గ్రూపు. సైట్‌ను (గురి సరిచేసే పరికరం) పక్కకు మాత్రమే తిప్పి, కిందపడినవాటికి ట్రిగ్గర్‌ను తిట్టుకునే పిల్లలను చాలామందిని చూశా. రెండు దిక్కులకూ తిప్పండి. 50 మీటర్ల పోటీలో 10 అంకె వలయం 10.4 మిల్లీమీటర్లే, గుండు లావే 5.6. కొంచెం నిలువు తేడా కూడా తొమ్మిదిలోకి తోసేస్తుంది.

మా నాయన కల్లంలో వేరుశనగ పొట్టు తూర్పారబట్టేటప్పుడు చాట ఎత్తి, గాలి సమంగా అయ్యేదాకా ఆగేవాడు. నేను గాలి కాయడం అక్కడే నేర్చుకున్నా, ఏ కోచ్ దగ్గరా కాదు.

11. గుండు నిలబడలేదని కాగితం మీద ఎట్లా తెలుస్తుంది?

రంధ్రం గుండ్రంగా కాకుండా పక్కవాటుగా, తాళంచెవి పట్టే కంతలా పడుతుంది. ఒకసారి స్నేహితుడొకరు 60 గ్రెయిన్ల .22 తూటాల పెట్టె తెచ్చిచ్చాడు, బరువెక్కువ కాబట్టి గాలికి తట్టుకుంటుందని. 1:16 బ్యారెల్లో వేస్తే 25 మీటర్లకే సగం రంధ్రాలు గుండు పక్క ఆకారంలో పడ్డాయి. ఆ గుండు పొడవుకు 1:9 దాకా బిగువు కావాలి. మిగతా పెట్టె ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

అన్ని వంకర రంధ్రాలకూ ట్విస్టే కారణం కాదు. బ్యారెల్ మూతి అంచు దెబ్బతిన్నా, మధ్యలో గుండు దేనికైనా రాసుకున్నా అట్లాగే వస్తుంది. తడిసిన, వదులుగా కట్టిన కాగితం చిరిగి మోసం చేస్తుంది. పలచని కాగితం పెట్టుకుని నేనొక సాయంత్రమంతా తూటాలను తిట్టా. మందపాటి అట్ట మార్చగానే రంధ్రాలు గుండ్రంగా వచ్చాయి.

12. బ్యారెల్ మీద అంకె లేదు. ట్విస్ట్ నేనే కొలవొచ్చా?

కొలవొచ్చు. ముందు రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు ఊడదీసి పక్కన పెట్టి, ఛాంబర్లో (తూటా కూర్చునే చోటు) వేలుపెట్టి చూడండి. చూశానులే అనుకోవద్దు, చూడండి. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగువుగా గుడ్డ చుట్టి గాడుల్లోకి దించండి. రాడ్ మీద పైవైపు ఒక చుక్క, బ్యారెల్ అంచు దగ్గర అడ్డంగా ఒక గీత పెట్టండి. మెల్లగా నెడుతూ ఆ చుక్క ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేదాకా పోనివ్వండి. అడ్డగీత ఎంత జరిగిందో అదే ట్విస్ట్. బ్యారెల్ పొట్టిదైతే అర చుట్టు కొలిచి రెట్టింపు చేయండి. గుడ్డ వదులైతే జారి, ఉన్నదానికన్నా వదులు మెలిక చూపిస్తుంది. మూడుసార్లు కొలవండి.

13. బ్యారెల్ పొడుగైతే ఎక్కువ తిరుగుతుందా?

లేదు. చివరి అంగుళంలో మెలిక ఎంత ఉందో, అక్కడ వేగం ఎంత ఉందో, ఆ రెండే లెక్క. పొడుగు బ్యారెల్ వేగం పెంచితే ఆ మేరకు పెరుగుతుంది.

14. ఎడమ మెలిక మంచిదా, కుడిదా?

గురికి రెండూ ఒకటే. ఎక్కువ బ్యారెళ్లు కుడివే. .303 లీ ఎన్‌ఫీల్డ్‌ది ఎడమ, ఐదు గాడులు. చాలా దూరంలో గుండు తన మెలిక దిక్కుకే కొంచెం జరుగుతుంది. 1,000 గజాల్లో అది జానెడు ఉంటుంది, 50 మీటర్లలో పట్టించుకునే పని లేదు.

15. లైసెన్స్ లేకుండా ఏది కొనొచ్చు?

2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీ ఎయిర్ రైఫిల్ పెల్లెట్ శక్తి 8 జౌళ్ల లోపే. .22 నుంచి పైవన్నిటికీ 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. వేరే బ్యారెల్ వేయించాలన్నా లైసెన్స్ ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికే పోండి.

16. నా గ్రూపు పెద్దగా వస్తోంది. ట్విస్ట్ తప్పేమో?

40 గ్రెయిన్ల పోటీ తూటా, 1:16 బ్యారెల్, రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయంటే ట్విస్ట్ కాదు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కంచు గెలిచిందీ .22తోనే. మొదట రైఫిల్ కట్టెకు బ్యారెల్‌ను పట్టే స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. మా దగ్గరికొచ్చిన రైఫిళ్లలో ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరికాడు. తర్వాత తూటాల లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసేది). ఒకే కంపెనీ, ఒకే పేరు ఉన్నా లాట్ మారితే గ్రూపు మారుతుంది, అందుకే ఎలీ, లాపువా లాంటి కంపెనీలు షూటర్ రైఫిల్ బిగించి లాట్లు పరీక్షించే రేంజిలు నడుపుతాయి. మనకు అంత దూరం పోయే వీల్లేకపోతే మూడు లాట్లు తలా ఒక పెట్టె తెచ్చి, గాలి లేని పొద్దున ఆరింటికి, ఆనించి, ఒక్కోదాంతో పది పది చొప్పున నాలుగు గ్రూపులు కాల్చండి. అన్ని లాట్లూ ఒకేలా చెదిరితే ఆ కాగితాలు పట్టుకుని రండి, మీరు పడుకునే పొజిషన్ చూద్దాం.